డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనేముందు స్కూల్ డిస్ట్రిక్ట్ గురించి చూసుకోవలసినవి

"ఫ్రిస్కోలో ఇల్లు తీసుకుంటే పిల్లలు ఫ్రిస్కో స్కూళ్ళకే వెళతారు కదా?" డాలస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు ముందుగా అడిగేది ఇదే. అలా అనుకోవడానికి లేదు. ఫ్రిస్కో ఊరు నాలుగు స్కూల్ డిస్ట్రిక్ట్‌ల కింద ఉంది: ఫ్రిస్కో, ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్. ఫ్రిస్కో ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్) హద్దులేమో ప్లేనో, మెకినీ, లిటిల్ ఎల్మ్ ఊళ్ళలోకి కూడా వెళతాయి. ఇర్వింగ్‌లో ఇర్వింగ్, కాపెల్, క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ అని మూడున్నాయి. కాబట్టి చూడవలసింది ఊరి పేరు కాదు, ఇంటి నంబరుతో సహా పూర్తి అడ్రస్. డిస్ట్రిక్ట్ సొంత వెబ్‌సైట్‌లో అడ్రస్ కొడితే ఎలిమెంటరీ, మిడిల్, హై స్కూల్ మూడూ వస్తాయి. పన్ను కోసం ఇళ్ళకు విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ రికార్డులో అదే ఇంటికి ఏ ఐఎస్‌డీ పన్ను పడుతోందో కూడా చూడండి, రెండూ కలవాలి. ఇళ్ళ ప్రకటనల్లో రాసినదాన్ని, బిల్డర్ ఆఫీసులో నోటిమాటగా చెప్పినదాన్ని నమ్మి అడ్వాన్స్ కట్టకండి.

మన దగ్గర సర్కారు బడులకు డీఈఓ, పైన రాష్ట్ర విద్యాశాఖ ఉంటాయి. టెక్సస్‌లో ఐఎస్‌డీ అటు సిటీ కిందా ఉండదు, ఇటు కౌంటీ కిందా ఉండదు. దానికి సొంతంగా పన్ను వేసే అధికారం, సొంతంగా ఎన్నికలు ఉంటాయి. చాలా డిస్ట్రిక్ట్‌లలో బోర్డు ఏడుగురు ట్రస్టీలది, వాళ్ళకు జీతం ఉండదు. సూపరింటెండెంట్‌ను పెట్టుకోవడం, బడ్జెట్ ఆమోదించడం, పన్ను రేటు ఖాయం చేయడం, ఏ వీధి ఏ స్కూలుకో గీత గీయడం, స్కూలు మూయాలా వద్దా తేల్చడం వాళ్ళ పని. టీచర్ మీద, మార్కుల మీద ఫిర్యాదుంటే నేరుగా ట్రస్టీకి మెయిల్ పెడితే పని జరగదు, ఆయన దాన్ని కిందికే పంపుతారు. ముందు ప్రిన్సిపల్‌కు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ పద్ధతి, గడువులు డిస్ట్రిక్ట్ పాలసీ పుస్తకంలో ఎఫ్‌ఎన్‌జీ అనే కోడ్ కింద ఉంటాయి. గడువు దాటితే మీ వైపు న్యాయం ఉన్నా ఫిర్యాదు కొట్టేస్తారు.

బోర్డు పైన రాష్ట్ర విద్యా సంస్థ టీఈఏ ఉంది. ఒక్క స్కూలు ఏళ్ళ తరబడి ఫెయిలైనా మొత్తం డిస్ట్రిక్ట్ బోర్డునే పక్కన పెట్టే అధికారం 2015 చట్టంతో దానికి వచ్చింది. 2023 జూన్‌లో హ్యూస్టన్ ఐఎస్‌డీలో జరిగింది అదే. ఎన్నికైన ట్రస్టీల చోట రాష్ట్రం నియమించిన బోర్డు, కొత్త సూపరింటెండెంట్ వచ్చారు.

డబ్బు ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది

ఇంటి పన్ను బిల్లులో పెద్ద వాటా స్కూలుదే. అందులో రెండు రేట్లుంటాయి. ఎం అండ్ ఓ అంటే జీతాలు, కరెంటు, బస్సులు, రోజువారీ ఖర్చు. ఐ అండ్ ఎస్ అంటే బాండ్ల మీద తెచ్చిన అప్పుకు అసలూ వడ్డీ. ఈ రెండు జేబులూ కలవవు. బాండ్ సొమ్ముతో స్కూలు కట్టొచ్చు, రూఫ్ మార్చొచ్చు, బస్సులు కొనొచ్చు, కానీ టీచర్‌కు ఒక్క డాలర్ జీతం ఇవ్వడానికి లేదు. "కొత్త స్టేడియం కడుతూ టీచర్లను తీసేస్తారా?" అని కోపం తెచ్చుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

రెండో సంగతి, పన్ను ఎక్కువ వసూలైనంత మాత్రాన డిస్ట్రిక్ట్ చేతిలో అంత మిగలదు. పిల్లకు ఇంత అని రాష్ట్రం ఒక మొత్తం లెక్కగడుతుంది, దాని పేరు బేసిక్ అలాట్‌మెంట్. 2019లో అది 6,160 డాలర్లు. 2025 వరకు అక్కడే ఆగిపోయింది, 2025లో పెరిగింది 55 డాలర్లు. మధ్యలో ధరలెలా పెరిగాయో కిరాణా బిల్లు కట్టేవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ లెక్కకు మించి స్థానికంగా పన్ను వసూలైతే మిగులు రాష్ట్రానికి కట్టాలి. దాన్ని రీక్యాప్చర్ అంటారు, జనం నోట రాబిన్ హుడ్. 1993 నుంచి ఉంది. ప్లేనో ఐఎస్‌డీ చాలా ఏళ్ళుగా పెద్ద మొత్తాలు అలా కడుతోంది. ఇళ్ళ ధరలు పెరిగితే స్కూళ్ళు బాగుపడతాయన్న నమ్మకం అందుకే నిలబడదు.

ఇంకా ముఖ్యమైనది, డబ్బు చేరిన పిల్లల సంఖ్యను బట్టి కాదు, హాజరైన పిల్లల సగటును బట్టి వస్తుంది. వెయ్యి మంది చేరి రోజుకు 940 మంది వస్తే 940 మందికే లెక్క. టీచర్లు, గదులు, కరెంటు మాత్రం వెయ్యి మందికీ కావాలి.

ఇళ్ళు ఖరీదై చిన్న పిల్లలున్న కుటుంబాలు ఇంకా ఉత్తరానికి, ప్రాస్పర్, సెలీనా వైపు జరిగిపోతుంటే పాత కాలనీల్లో పిల్లలు తగ్గిపోతున్నారు. దాంతో "మంచి డిస్ట్రిక్ట్" అని పేరున్న చోట్ల కూడా స్కూళ్ళు మూతపడుతున్నాయి. ప్లేనో ఐఎస్‌డీ 2024లో నాలుగు స్కూళ్ళు మూయాలని తీర్మానించింది: డేవిస్, ఫోర్మన్ ఎలిమెంటరీలు, ఆర్మ్‌స్ట్రాంగ్, కార్పెంటర్ మిడిల్ స్కూళ్ళు. ఫ్రిస్కోలో స్టేలీ మిడిల్ స్కూల్ కూడా అదే దారి పట్టింది. అందుకే ఇల్లు చూసేటప్పుడు ఆ ఎలిమెంటరీ కట్టడానికి ఎంతమంది పట్టే చోటు ఉంది, ఇప్పుడెంతమంది ఉన్నారు అన్నది అడగండి. డిస్ట్రిక్ట్ ఏటా తెప్పించుకునే డెమోగ్రఫీ నివేదికలో స్కూలువారీగా రాబోయే ఏళ్ళ అంచనాలుంటాయి, బోర్డు మీటింగ్ కాగితాల్లో దొరుకుతుంది. సగం ఖాళీగా ఉన్న స్కూలును నమ్ముకుని, దాని కోసమే ఎక్కువ ధర పెట్టడం రిస్కు.

బడ్జెట్ పుస్తకం వందల పేజీలుంటుంది, అంతా చదవక్కర్లేదు. జనరల్ ఫండ్ పేజీ తెరవండి, నంబరు 199. ఎడమ వైపు ఫంక్షన్ కోడ్‌లుంటాయి: 11 అంటే పాఠాలు చెప్పడం, 23 అంటే స్కూలు ఆఫీసు, 36 అంటే ఆటలూ బ్యాండూ, 41 అంటే కేంద్ర కార్యాలయం, 91 అంటే రీక్యాప్చర్. ఇంకో చోట ఖర్చు రకం కోడ్‌లుంటాయి, 6100 అంటే జీతభత్యాలు. చాలా డిస్ట్రిక్ట్‌లలో ఖర్చులో సింహభాగం ఇదే. అంటే "వృథా ఖర్చు తగ్గించండి" అన్న మాట చివరికి ఎవరో ఒకరి ఉద్యోగం మీదికే వస్తుంది. మూడేళ్ళ లెక్కలు పక్కపక్కన పెట్టుకుని ఆదాయం కంటే ఖర్చు ఎక్కువుందా, ఉంటే ఫండ్ బ్యాలెన్స్, అంటే దాచిన నిల్వ, ఎంత కరిగిందో చూడండి. ఒక ఏడాది లోటు పరవాలేదు. వరసగా మూడేళ్ళు లోటు కనిపిస్తే తర్వాత వచ్చేది క్లాసులో పిల్లలు పెరగడం, లేదా స్కూలు మూత, లేదా పన్ను పెంచమని ఓటు. రాష్ట్రం ఇచ్చే స్కూల్ ఫస్ట్ అనే ఆర్థిక రేటింగ్ కూడా ఉంది కానీ చాలామందికి మంచి గ్రేడే వస్తుంది, దాని మీద ఎక్కువ ఆధారపడొద్దు.

ఫ్రిస్కో ఐఎస్‌డీ 2024 నవంబరులో వంద కోట్ల డాలర్లు దాటిన బాండ్‌కూ, ఎం అండ్ ఓ రేటు పెంచుకోవడానికీ ఓటు అడిగింది. నాలుగు ప్రతిపాదనలూ ఓడిపోయాయి. బాండ్ ఒక్కటే అయినా ముక్కలుగా ఎందుకుంటుందంటే, టెక్నాలజీ, పెద్ద స్టేడియం లాంటివి వేరేగా అడగాలని చట్టం. బాండ్ బ్యాలెట్ మీద "ఇది ఆస్తి పన్ను పెంపు" అన్న వాక్యం కూడా తప్పనిసరి, రేటు పెరగకపోయినా సరే. ఆ వాక్యం ఒక్కటి చూసి నిర్ణయించుకోకుండా అప్పు ఎన్నేళ్ళది, దేనికి అన్నది చదవాలి.

మీ బిల్లు సంగతి. 6,00,000 డాలర్ల ఇల్లు, స్కూల్ రేటు వందకు ఒక డాలర్ అనుకుందాం. సొంతంగా కాపురముండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు 1,40,000 పోతే 4,60,000 మీద 4,600 డాలర్లు. మినహాయింపుకు దరఖాస్తు పెట్టకపోతే 6,000. దరఖాస్తుకు రుసుము లేదు, ఫారం 50-114, డ్రైవింగ్ లైసెన్స్ మీద అడ్రస్ ఆ ఇంటిదే ఉండాలి. పౌరసత్వం అక్కర్లేదు. కాబట్టి ఇల్లు మారగానే లైసెన్స్ అడ్రస్ మార్చుకోండి. ఈ దరఖాస్తు పెట్టిపెడతామని డబ్బు అడుగుతూ వచ్చే ఉత్తరాలను పక్కన పడేయండి.

కొత్తగా కట్టిన ఇళ్ళలో దెబ్బ తగిలేది రెండో ఏడు. విలువ జనవరి 1 నాటిది. ఆ రోజుకు ఉత్త స్థలమో, సగం గోడలో ఉంటే మొదటి ఏడు పన్ను చాలా తక్కువ వస్తుంది, బ్యాంకు ఎస్క్రోను, అంటే పన్ను కోసం మీ దగ్గర నెలనెలా తీసుకునే మొత్తాన్ని, ఆ లెక్కనే కడుతుంది. మరుసటి ఏడు పూర్తి ఇంటికి పన్ను వేశాక నెలవారీ కట్టుబడి ఒక్కసారి వందల డాలర్లు ఎగబాకుతుంది. ఆ తేడాను మొదటి నెల నుంచే విడిగా దాచుకోండి. ఎంయూడీ, పీఐడీ (నీళ్ళు, రోడ్ల లాంటి వసతుల ఖర్చుకు కాలనీ మీద వేసే పన్ను, ఛార్జీ) ఉన్న కాలనీల్లో అవి స్కూల్ పన్నుకు అదనం.

"ఏ" గ్రేడ్ కింద ఏముంది

ఇళ్ళ వెబ్‌సైట్ల పదికి తొమ్మిది అంకె కాకుండా టీఎక్స్‌స్కూల్స్ డాట్ గవ్‌లో రాష్ట్రం ఇచ్చే ఏ నుంచి ఎఫ్ గ్రేడ్ చూడండి. గ్రేడ్‌కు మూడు భాగాలు: విద్యార్థుల ఫలితాలు, ఎదుగుదల, వర్గాల మధ్య తేడాలు తగ్గించడం. మొదటి రెండిట్లో ఏది మెరుగైతే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం.

రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్ అని మూడు మెట్లు. అప్రోచెస్ వస్తే పాసే, కానీ క్లాసు స్థాయి అందుకున్నట్టు మీట్స్ వస్తేనే. ఒక ఎలిమెంటరీలో 90 శాతం అప్రోచెస్, 70 మీట్స్, 45 మాస్టర్స్ అయితే సగటు 68, గ్రేడ్ లెక్క దాని నుంచి మొదలవుతుంది. "90 శాతం పాస్" అన్న బ్యానర్ చూసి మురిసిపోకుండా మీట్స్ ఎంతో అడగండి. ట్యూషన్లకు పంపే స్తోమత ఉన్న కాలనీలో ఫలితాలు ఎలాగూ బాగుంటాయి, ఆ స్కూలు పిల్లను ఏడాదిలో ఎంత ముందుకు తీసుకెళ్ళిందో ఎదుగుదల భాగమే చెబుతుంది. టీఏపీఆర్ అనే వార్షిక నివేదికలో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు విడిగా ఫలితాలుంటాయి. మీ పిల్ల ఆ కోవలో ఉంటే మొత్తం గ్రేడ్ వదిలేసి ఆ గడే చదవండి. 2027-28 నుంచి స్టార్ స్థానంలో ఏడాదికి మూడు చిన్న పరీక్షలు వస్తాయి, పాత అంకెలతో కొత్తవాటిని నేరుగా పోల్చడం కుదరదు.

హై స్కూల్ ఎంచుకునేవాళ్ళకు ఇంకో లెక్క. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలు స్కూల్ ర్యాంకులో పై 10 శాతానికి నేరుగా సీటు ఇస్తాయి. యూటీ ఆస్టిన్‌లో మాత్రం 2026 ఫాల్ నుంచి పై 5 శాతానికే. ర్యాంకు ఆ స్కూలు లోపలి పోటీని బట్టి ఉంటుంది. అందరూ చదువుల పిల్లలే ఉన్న చోట 97 శాతం మార్కులున్నా ఆ గీత దాటకపోవచ్చు.

ఇండియా ప్రయాణం, హాజరు

డిసెంబరు సెలవులకు ముందో వెనకో రెండు వారాలు కలుపుకుని వెళ్ళడం మామూలైపోయింది. సెలవుల్లో కాకుండా స్కూలు రోజుల్లో వెళితే డిస్ట్రిక్ట్ డబ్బు పోతుంది, అది వేరే సంగతి. మీకు పట్టే చిక్కు, ఆరు నెలల్లో కారణం లేని గైర్హాజరు పది రోజులైతే బడి ఎగ్గొట్టడం మీద విచారించే ట్రూయన్సీ కోర్టుకు పంపొచ్చు. పైగా 90 శాతం హాజరు లేకపోతే క్రెడిట్ (పాసైన లెక్క) ఆగుతుంది. ఎక్కువ రోజులైతే స్కూలు నుంచి విత్‌డ్రా చేసి, వచ్చాక మళ్ళీ చేర్చుకోవడం ఎలాగో టికెట్ కొనకముందే ఆఫీసులో అడగండి.

ఓటు లేకపోయినా

బోర్డు మీటింగ్‌కు ఎవరైనా వెళ్ళొచ్చు, అజెండాలోని అంశం మీద మాట్లాడొచ్చు. వీసా ఏదో అడగరు. ముందుగా పేరు రాయించుకోవాలి, సాధారణంగా రెండు మూడు నిమిషాలిస్తారు. అజెండాలో లేనిది మాట్లాడితే ట్రస్టీలు చర్చించకూడదని చట్టం, వాళ్ళు మౌనంగా ఉన్నారని నొచ్చుకోవద్దు. కన్సెంట్ అజెండా మీద కన్నేయండి, చర్చ లేకుండా ఒకే ఓటుతో పోయే కాంట్రాక్టులు అందులోనే ఉంటాయి. ఏదైనా కాగితం కావాలంటే పబ్లిక్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద మెయిల్ రాయండి. "ఫలానా స్కూలు, ఫలానా ఏడాది, క్లాసువారీ సంఖ్య" అని స్పష్టంగా అడిగితే త్వరగా వస్తుంది.

ట్రస్టీలకు ఓటు వేసేది పౌరులే. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్లో "ఓటరుగా నమోదు చేయమంటారా?" అని అడుగుతారు. హెచ్-1బీ, హెచ్-4, గ్రీన్ కార్డ్, ఏదైనా సరే "నో" అనే చెప్పాలి, ఫారంలో పౌరుడినన్న గడిలో టిక్ పడకుండా చూసుకోవాలి. పొరపాటున పడ్డ టిక్ కూడా తర్వాత సిటిజన్‌షిప్‌ను, ఒక్కోసారి ఇక్కడ ఉండడాన్నే దెబ్బతీస్తుంది. అలా జరిగిందని అనుమానం వస్తే ఓటు వేయకుండా, ఎవరికీ ఏమీ రాసివ్వకుండా ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి.