హెచ్‌ఐవీ ఉన్న తల్లి బిడ్డకు తన పాలు పట్టొచ్చా?

చెల్లీ, కౌన్సిలర్ నీ పాలే ఇవ్వమంటే మీ అక్క డబ్బా పాలు పట్టమంటోందని, అత్తగారికి సంగతి తెలియదని రాశావు. నాకూ పాజిటివే. మాది గుంటూరు పక్క పల్లె, మా అత్తయ్యకూ తెలియదు.

మా కౌన్సిలర్ మేడం మొదట అడిగిన ప్రశ్న నాకింకా గుర్తే: "మీ ఇంట్లో ఉగ్గుగిన్నె ఎవరి చేతిలో ఉంటుంది?" తేనె నాకించడం, ఆముదం పట్టడం, వస అరగదీసి పోయడం, ఎండగా ఉందని చెంచాడు నీళ్ళు. మొదటి 6 నెలలు తల్లిపాలతో పాటు ఇవి కలిస్తే బిడ్డకు వైరస్ సోకే ప్రమాదం పెరుగుతుంది. లేత పేగు లోపొర దెబ్బతింటే వైరస్‌కు దారి దొరుకుతుంది. అందుకే పడితే నీ పాలే పట్టు, లేదంటే పూర్తిగా డబ్బా పాలే. సగం సగం మాత్రం వద్దు.

నేను నా పాలే ఇచ్చాను. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు రోజూ వేసుకునేదాన్ని, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, బాగా తగ్గింది. ఇంకో సంగతి, డబ్బా కనబడితే వీధంతా ఆరా తీస్తుంది. 6 నెలలు నీళ్ళు కూడా పట్టొద్దని ఆశా వర్కర్ ప్రతి బాలింతకూ చెప్పేదే కదా, అత్తయ్యకు అదే చెప్పాను. ఆవిడ అలిగింది, అది వేరే కథ!

బిడ్డకు వైరస్ సోకకుండా నెవిరపిన్ అనే మందు సిరప్ 6 వారాలు వేశారు. కొందరికి 12 వారాలు, మరో మందు కూడా ఉంటుంది. నీ చికిత్స, లోడ్ చూసి డాక్టరే చెప్తారు. డాక్టరు రాసిన మందులు, విటమిన్ చుక్కలు ఇవ్వొచ్చు.

చనుమొన పగిలినా, రొమ్ము గడ్డకట్టి సలిపినా ఆ వైపు పట్టకు. ఆ పాలు పిండేసి పారబోసి, రెండో వైపు ఇస్తూ వెంటనే ఆస్పత్రికి వెళ్ళు. బిడ్డ నోట్లో తెల్లపూత కనిపించినా చూపించు. నాకు మొదట్లో పగిలింది, బిడ్డను పట్టుకునే తీరు సరిచేశాక మానింది.

6 వారాలకు హెచ్‌ఐవీ పరీక్ష కోసం బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్కలు తీస్తారు. ఆ తర్వాత 6, 12 నెలలకు పరీక్షలుంటాయి, 18 నెలలకు ఆఖరిది. మా పాపకు నెగటివ్. 6 నెలలు నిండాక జావ, మెత్తటి అన్నం మొదలుపెట్టి, ఏడాది దాకా పాలూ ఇచ్చి మెల్లగా మాన్పించాను.

మందులు తప్పుతుంటే, లోడ్ తగ్గకపోతే మాత్రం డబ్బా పాల సంగతి డాక్టరుతో మాట్లాడు. దానికి నెలనెలా డబ్బులు, మరగబెట్టిన నీళ్ళు, అర్ధరాత్రి కలిపిచ్చే ఓపిక కావాలి. సీసా కంటే గిన్నె, చెంచా నయం.

నీ అనుమతి లేకుండా నీ సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఉంది. ఏ సందేహమున్నా హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. మీ అక్కకు ఎలాగూ తెలుసు కాబట్టి, ఈసారి ఏఆర్‌టీ సెంటర్‌కు తననూ వెంట తీసుకెళ్ళు. కౌన్సిలర్ నోటితో వింటే నీకు వాదించే పని తప్పుతుంది.