అప్‌గ్రేడ్ బటన్ నొక్కేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇంట్లో కంప్యూటర్‌ని విండోస్ 10 నుంచి 11కి మార్చబోతే ఒకసారి "ఈ పీసీకి అర్హత లేదు" అందనీ, ఏవో సెట్టింగులు మార్చాక రెండుసార్లు సగం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసిందనీ రాశావు. విసుగు రాక ఏం చేస్తుంది! కానీ వెనక్కి వచ్చినందుకు సంతోషించు. వెనక్కి రాకుండా నల్లతెర మీద ఆగిపోయేవి కూడా ఉంటాయి. అందుకే చెప్తున్నా, తిరిగొచ్చే దారి చేతిలో పెట్టుకుని గానీ ఆ బటన్ ముట్టుకోకు.

ముందు తొందర ఎంతో చూసుకో. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకున్న ఇంటి వాడకందార్లకు గడువు 2026 అక్టోబర్ 13. కాబట్టి ఈ రాత్రే అయిపోవాలన్న పని కాదు. సెలవు రోజు పొద్దున్నే మొదలుపెట్టు, ఆ రోజు కంప్యూటర్‌తో వేరే పని పెట్టుకోకు.

"అర్హత లేదు" అన్న మాట వెనక మూడు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. పీసీ హెల్త్ చెక్ అనే చిన్న ప్రోగ్రాం నడిపితే ఆ మూడింటిలో ఏది అడ్డో చెప్తుంది. ప్రాసెసర్ పాతదైతే సరైన దారిలో చేసేదేమీ లేదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్, దాదాపుగా అక్కడి నుంచే జాబితా మొదలవుతుంది. ప్రాసెసర్ సరిపోయి టీపీఎం (తాళాలు దాచే భద్రతా చిప్పు) లేదంటే మాత్రం నమ్మకు. చాలా మదర్‌బోర్డుల్లో అది ఉంటుంది, ఆపేసి ఉంటుంది, అంతే. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఇంటెల్ బోర్డయితే పీటీటీ అనీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అనీ కనిపిస్తుంది. మూడోది సెక్యూర్ బూట్, అంటే నమ్మదగిన ప్రోగ్రాం మాత్రమే కంప్యూటర్‌ని లేపేలా చూసే కాపలా. అసలు తలనొప్పి ఇక్కడే.

సెక్యూర్ బూట్ పనిచేయాలంటే కంప్యూటర్ యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో బూట్ కావాలి, అంటే లేవాలి. నీ డిస్క్‌లో పార్టిషన్ల (డిస్క్ ముక్కల) పట్టిక పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే, బయోస్‌లోకి వెళ్లి లెగసీ (పాత బూట్ పద్ధతి) తీసేసి యూఈఎఫ్ఐ పెట్టగానే "బూట్ అయ్యే డిస్క్ లేదు" అంటుంది. డిస్క్‌కి ఏమీ కాలేదు, కంగారుపడి ఫార్మాట్ కొట్టకు. బయోస్‌లో మళ్లీ లెగసీ పెడితే ఎప్పటిలా లేస్తుంది. అసలు పని ముందు డిస్క్‌ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చడం. దానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే పనిముట్టు ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఆ పేరు పక్కన /వ్యాలిడేట్ /అలౌఫుల్‌ఓఎస్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టు (mbr2gpt /validate /allowFullOS). ఇది పరీక్ష మాత్రమే, డిస్క్ మీద ఏమీ రాయదు. పాసైతే /వ్యాలిడేట్ స్థానంలో /కన్వర్ట్ పెట్టి మళ్లీ నడుపు. ఫెయిలైతే మొదట పార్టిషన్లు లెక్కపెట్టు. ప్రైమరీ పార్టిషన్లు మూడు దాటకూడదు, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల ఇంకొన్ని పార్టిషన్లు పట్టేది) అసలు ఉండకూడదు. సీ, డీ, ఈ అని డిస్క్‌ని ముక్కలు చేసుకున్నవాళ్లంతా ఇక్కడే ఆగిపోతారు. డీలో ఉన్నది వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, కాపీ సరిగా ఉందని చూసుకున్నాక ఆ పార్టిషన్ తీసేయడమే దారి.

మార్పిడి అయ్యాక బయోస్‌లో సీఎస్ఎం (పాత బూట్ పద్ధతిని నడిపే సెట్టింగు) ఆపి, యూఈఎఫ్ఐ పెట్టి, సెక్యూర్ బూట్ ఆన్ చెయ్యి. గ్రాఫిక్స్ కార్డు మరీ పాతదైతే సీఎస్ఎం ఆపగానే తెర నల్లబడుతుంది, ఎందుకంటే ఆ కార్డులో యూఈఎఫ్ఐకి అర్థమయ్యే ఫర్మ్‌వేర్ ఉండదు. అప్పుడు కార్డు పీకి, మానిటర్ కేబుల్‌ని బోర్డుకి ఉన్న డిస్‌ప్లే పోర్టుకి పెట్టి చూడు. ఆ పోర్టు లేకపోతే కరెంటు తీసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ ఊడదీసి కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ పెట్టు. బయోస్ మొదటి స్థితికి వస్తుంది.

అయితే అలా మొదటి స్థితికి రావడంలో ఒక మెలిక ఉంది, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. సాటా మోడ్ (డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి) అనే సెట్టింగు కూడా దాంతోపాటు మారిపోవచ్చు. విండోస్ వేసినప్పుడు అది రెయిడ్‌లో ఉండి ఇప్పుడు ఏహెచ్‌సీఐ అయితే, నీలి తెర మీద "ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్" అని పడుతుంది. డిస్క్ పోయిందని కొత్తది కొనేసేవాళ్లు ఉన్నారు! సెట్టింగు వెనక్కి మారిస్తే చాలు. అందుకే బయోస్‌లో వేలు పెట్టకముందే ఒక్కో పేజీనీ ఫోన్‌తో ఫోటో తియ్యి. ఇది ఎవరూ చెయ్యరు, ఆ తర్వాత "ముందు ఎలా ఉండేదో" అని తలపట్టుకుంటారు.

ఇంకో తాళం బిట్‌లాకర్, డిస్క్‌లో ఉన్నది బయటివాళ్లు చదవకుండా దాచే విండోస్ ఏర్పాటు. టీపీఎం, సెక్యూర్ బూట్ సెట్టింగులు కదిలిస్తే అది అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ లేకపోతే లోపలున్నదంతా పోయినట్టే, ఎవరూ తెరవలేరు. నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాసుకో. ఆ కంప్యూటర్‌లోనే ఫైల్‌గా దాచుకుంటే పెట్టె లోపల తాళంచెవి పెట్టి పెట్టెకి తాళం వేసినట్టు. ఆ సెట్టింగులు కదిలించకముందే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చెయ్యి, అంటే కాసేపు ఆపు. పూర్తిగా తీసేయక్కర్లేదు.

బ్యాకప్ సంగతి నీకు తెలుసు కాబట్టి రెండే మాటలు. ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేశాక నాలుగైదు తెరిచి చూడు, తెరవని బ్యాకప్ ఉన్నా లేనట్టే. వీలైతే డిస్క్ మొత్తానికి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) కూడా తీసుకో. ప్రోగ్రాములతో సహా పాత స్థితికి రావడానికి అదొక్కటే గట్టి దారి.

ఇక అప్‌గ్రేడ్. సెట్టింగ్స్‌లో వచ్చే అప్‌డేట్ బటన్ కంటే ఐఎస్ఓ ఫైల్ (విండోస్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండేది) దించుకుని అందులోని సెటప్ నడపడం మేలని నా అభిప్రాయం. ఆగిపోతే మళ్లీ మొదటినుంచీ దించుకునే బాధ తప్పుతుంది. విండోస్ 10లో ఐఎస్ఓ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే డ్రైవ్‌లాగా తెరుచుకుంటుంది. సెటప్ మొదటి తెరలోనే అప్‌డేట్లు ఎలా దించాలో మార్చే లింకు ఉంటుంది. అది నొక్కి "ఇప్పుడు వద్దు" ఎంచుకో. లేకపోతే మధ్యలో నెట్ కోసం ఎదురుచూస్తూ ఒకే శాతం దగ్గర గంటలు కూర్చోవచ్చు.

తర్వాత "ఫైళ్లు, యాప్‌లు ఉంచు" అన్న ఎంపిక వెలగాలి. అది మసకబారి, "ఏమీ ఉంచొద్దు" మాత్రమే నొక్కనిచ్చేలా ఉంటే అక్కడే ఆగు. చాలాసార్లు కారణం భాష. ఇంగ్లిష్ ఐఎస్ఓలు రెండున్నాయి. ఒకటి యునైటెడ్ స్టేట్స్ ఇంగ్లిష్, ఇంకోటి ఇంటర్నేషనల్ ఇంగ్లిష్. నీ విండోస్ ఒకటై, దించుకున్నది ఇంకోటైతే యాప్‌లు ఉంచనివ్వదు. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ /ఆన్‌లైన్ /గెట్-ఇంటిల్ (dism /online /get-intl) అని కొడితే సిస్టం భాష దగ్గర యూఎస్ అనో జీబీ అనో ఉంటుంది. జీబీ అంటే నీకు కావాల్సింది ఇంటర్నేషనల్.

మొదలుపెట్టే ముందు సీ డ్రైవ్‌లో ముప్ఫై జీబీ దాకా ఖాళీ చెయ్యి. కీబోర్డు, మౌస్, మానిటర్ తప్ప ప్రింటర్, కార్డ్ రీడర్, బయటి డిస్క్ అన్నీ పీకెయ్యి. విడిగా వేసుకున్న యాంటీవైరస్ ఉంటే ఆపడం కాదు, అన్ఇన్‌స్టాల్ చేసి ఒకసారి రీస్టార్ట్ చెయ్యి. అది ఆపినా దాని ఫిల్టర్ డ్రైవర్లు (ఫైళ్ల రాకపోకల మీద కన్నేసే భాగాలు) ఫైల్ సిస్టం మీద కూర్చునే ఉంటాయి, సెటప్ రాసే ఫైళ్లకు అడ్డుపడొచ్చు. వేగమైన ఎస్ఎస్‌డీ ఉంటే గంటలో అయిపోవచ్చు. తిరిగే డిస్కయితే సగం పూట పట్టినా ఆశ్చర్యం లేదు. శాతం కదలడం లేదని పవర్ బటన్ మీదికి చెయ్యి పోనివ్వకు. డిస్క్ లైటు చూడు. అది మిణుకుమంటున్నంతసేపు లోపల పని జరుగుతున్నట్టే. మూడు గంటలైనా శాతం కదలక, లైటు కూడా పూర్తిగా చచ్చిపడి ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

వెనక్కి వచ్చేసినప్పుడు అది ఒక కోడ్ ఇస్తుంది. నువ్వు "ఏదో ఎర్రర్" అని రాశావు, ఆ "ఏదో"లోనే జవాబుంది. 80070070 అంటే స్థలం చాలలేదు. సీ1900208 అంటే ఒప్పుకోని పాత ప్రోగ్రాం ఒకటి అడ్డుగా ఉంది. సీ1900101 అంటే దాదాపు ఎప్పుడూ డ్రైవర్ (పరికరాన్ని నడిపించే ప్రోగ్రాం) గొడవే. దాని పక్కన గీత పెట్టి ఇంకో సంఖ్య ఉంటుంది, 30018 లాగా. అందులో మొదటి అంకె ఏ దశలో పడిపోయిందో చెప్తుంది: 1 అంటే పాత విండోస్ నడుస్తుండగానే, 2 అంటే రీస్టార్ట్ అయ్యాక మధ్యలో నడిచే చిన్న విండోస్‌లో, 3 అంటే కొత్త విండోస్ మొదటి బూట్‌లో, 4 అంటే రెండో బూట్‌లో. ఇంకా వివరం కావాలంటే మైక్రోసాఫ్ట్ ఇచ్చే సెటప్‌డయాగ్ అనే ప్రోగ్రాం నడుపు. ప్యాంథర్ ఫోల్డర్‌లోని లాగ్ ఫైళ్లు అదే చదివి, చాలాసార్లు ఏ డ్రైవర్ ఫైల్ దగ్గర పడిందో పేరుతో సహా రాస్తుంది. ఆ డ్రైవర్ తీసెయ్యి, లేదా తయారీదారు కొత్తగా ఇచ్చింది వెయ్యి.

"సిస్టం రిజర్వ్‌డ్ పార్టిషన్ అప్‌డేట్ చేయలేకపోయాం" అని వస్తే సీలో వంద జీబీ ఖాళీ ఉన్నా లాభం లేదు. అది చెప్పేది కంటికి కనపడని చిన్న బూట్ పార్టిషన్ గురించి. చాలా కంప్యూటర్లలో అది 100 ఎంబీయే. అందులో పదిహేను ఎంబీ ఖాళీ లేకపోతే సెటప్ ముందుకు కదలదు. జీపీటీ డిస్కయితే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి మౌంట్‌వాల్ వై: /ఎస్ (mountvol y: /s) అని కొడితే ఆ పార్టిషన్ వై డ్రైవ్‌గా దొరుకుతుంది. అందులో ఈఎఫ్ఐ, మైక్రోసాఫ్ట్, బూట్ దాటుకుని ఫాంట్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి అక్కడి ఫైళ్లు తీసెయ్యి. విండోస్ లేచేముందు కనిపించే తెరల అక్షరాలవి, నీ వాడకానికి నష్టం లేదు. పక్క ఫోల్డర్లలోకి మాత్రం పోకు, ఒక్క ఫైల్ పోయినా బూట్ కాదు.

ప్రాసెసర్ జాబితాలో లేకున్నా రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల పట్టిక) మార్చి ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి, నీకూ ఎవరో చెప్పి ఉంటారు. ఎక్కుతుంది నిజమే. కానీ ముందు ముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ ప్రతిసారీ నీ చేత్తోనే వేసుకోవాలి. 24హెచ్2 వెర్షన్ నుంచి మరీ పాత ప్రాసెసర్లలో బూటే కాదు. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌లో ఆ పని చెయ్యొద్దంటాను. అలాంటి యంత్రానికి విండోస్ బదులు వాడే లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి, డిస్క్ ముట్టుకోకుండా బూట్ చేసి, వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తాయో చూడు. చేస్తే అదే మంచిది.

ఒకవేళ అంతా తుడిచి కొత్తగా వేయాల్సి వస్తే, నెట్ ఉంటేనే ముందుకు పోనిస్తాననే పేజీ దగ్గర వైఫై డ్రైవర్ లేక ఇరుక్కుంటారు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇచ్చేది) ఆన్ చెయ్యి, గట్టెక్కుతావు. ప్రొడక్ట్ కీ అడిగితే లేదని నొక్కి, ఇంతకుముందున్న ఎడిషన్‌నే ఎంచుకో. హోం ఉన్నచోట ప్రో పెడితే యాక్టివేట్ కాదు.

అప్‌గ్రేడ్ అయిపోయాక డెస్క్‌టాప్ మీది ఫైళ్లు మాయమైనట్టు కనిపిస్తే వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) ఫోల్డర్ లోపల డెస్క్‌టాప్ అనే ఇంకో ఫోల్డర్ చూడు, అక్కడికి జరిగి ఉంటాయి. పాత విండోస్ పది రోజులు విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది, రికవరీ సెట్టింగుల్లోంచి ఆలోపు వెనక్కి వెళ్లొచ్చు. ఆ పది రోజుల్లో డిస్క్ క్లీనప్ నడపకు. ప్రింటర్, స్కానర్, ఇంట్లోవాళ్లు వాడే ప్రతి ప్రోగ్రాం మొదటి వారంలోనే ఒకసారి తెరిచి చూడు. ఇంకా టైం కావాలనిపిస్తే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్మ్ /ఆన్‌లైన్ /సెట్-ఓఎస్అన్ఇన్‌స్టాల్‌విండో /వ్యాల్యూ:60 (dism /online /set-osuninstallwindow /value:60) అని కొట్టు, గడువు అరవై రోజులవుతుంది. పది రోజులు దాటాక కొడితే మాత్రం పనిచెయ్యదు.

ఈసారి ఆగితే తెర ఫోటో తీసి పంపు, గీత తర్వాతి సంఖ్యతో సహా కనపడాలి.

పెదనాన్న