పేరు తెచ్చేది కుంచెనా, డప్పా?

పేరున్న చిత్రకారులది నిజంగా ప్రతిభేనా, లేక సొంత డబ్బా కొట్టుకుని పైకొచ్చారా అని కదా ప్రశ్న. నన్నడిగితే రెండూ కాదు. బొమ్మలు ఎవరి దగ్గర చేరాయి, చివరికి ఏ గోడకెక్కాయి అన్నది ముందు చూడాలి. పేరు చాలావరకు అక్కడే తేలిపోతుంది.

కాయ్‌బోట్ వీలునామా సంగతి చూడండి. గుస్తావ్ కాయ్‌బోట్ పారిస్‌లో కలిగినింటి బిడ్డ, తనూ చిత్రకారుడే. మోనే, రెన్వార్, పిసారో లాంటి ఇంప్రెషనిస్టు (ఆ క్షణాన కంటికి కనబడే వెలుగును, రంగులను పట్టి వేసే) స్నేహితుల బొమ్మలు ఎవరూ కొనని రోజుల్లో కొని పెట్టుకున్నాడు. 1876లో, 28 ఏళ్లకే వీలునామా రాశాడు: ఈ బొమ్మలన్నీ ప్రభుత్వానికి, కానీ వీటిని అటకెక్కించకూడదు, ఏ మూల ఊరి మ్యూజియానికో తోలెయ్యకూడదు, ముందు పారిస్‌లోని లక్సెంబర్గ్ మ్యూజియంలో, తర్వాత అక్కడి పెద్ద మ్యూజియం లూవ్‌లో పెట్టాలి. ఆ షరతులోనే ఉంది కిటుకంతా. ఉత్తినే ఇచ్చిన బొమ్మను తీసుకుని గోదాములో పడేయడం ఏ మ్యూజియానికైనా చిటికెలో పని. అలా పడేసిన బొమ్మను ఎవరూ ఫొటో తీయరు, ఫొటో లేని బొమ్మ పుస్తకాలకెక్కదు.

1894లో ఆయన పోయాడు. వీలునామా అమలు బాధ్యత రెన్వార్ మీద పడింది. ఇచ్చినవి 60కి పైనే. స్థలం లేదని అధికారులు బేరాలు మొదలుపెట్టారు. రెండేళ్లు లాగి, చివరికి 40 దాకా తీసుకున్నారు. 1897లో వాటిని జనానికి చూపించినప్పుడు కళా అకాడమీ పెద్దలు ఇది దేశానికే అవమానమని గోల పెట్టారు.

ఇక అసలు విషయం. కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ కటింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త లైబ్రరీ పుస్తకాలు తిరగేయించి, ఏ ఇంప్రెషనిస్టు బొమ్మ ఎన్నిసార్లు అచ్చయిందో లెక్క కట్టాడు. ఇప్పుడు అందరి నోటా నలిగే ఏడుగురు, అంటే మానే, మోనే, రెన్వార్, దేగా, సెజాన్, పిసారో, సిస్లీ, కాయ్‌బోట్ సేకరణలో ఉన్నవాళ్లే. తర్వాత ఆయన తన క్లాసులో అంతగా పేరు లేని బొమ్మలను ఏ వివరణా ఇవ్వకుండా, సెమిస్టర్ పొడుగునా మధ్యమధ్యలో క్షణాలపాటు చూపిస్తూ పోయాడు. చివర్లో ఏది నచ్చిందని అడిగితే, మామూలుగా పేరున్న బొమ్మలకు ఉండే మొగ్గు కనబడకుండా పోయింది. మనకు నచ్చిందనుకునేదాంట్లో కొంత కేవలం కంటికి అలవాటే అన్నమాట.

అయితే ప్రతిభ ఉత్తదేనా అని ఎగరకండి. 2013లో అచ్చయిన మరో ప్రయోగంలో ఇదే పద్ధతిలో థామస్ కింకేడ్ బొమ్మలు చూపించారు. మెరిసే కిటికీలు, పూలబాటలు ఉన్న కుటీరాలు వేసి ప్రింట్లు కుప్పలుగా అమ్మిన ఆయనే. ఈసారి చూసేకొద్దీ ఇష్టం తగ్గింది. పక్కనే చూపించిన మిల్లే (విక్టోరియా కాలపు ఇంగ్లీషు చిత్రకారుడు) బొమ్మలకు అలా తగ్గలేదు. అంటే పదేపదే చూపించడం బొమ్మను కంటి ముందుకు తేగలదంతే, అక్కడ నిలబడ్డం బొమ్మ వంతు.

సొంత డప్పు సంగతికొస్తే అదేమీ నేటి జబ్బు కాదు. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1498లో 15 చెక్కబ్లాకుల అపోకలిప్స్ (బైబిల్లోని యుగాంతం కథ) సెట్టును తనే అచ్చేసుకున్నాడు. ప్రతి ప్రింటు మీదా ఏ, డీ అక్షరాల ముద్ర, సంతల్లో అమ్మకం భార్య చేతి మీదుగా. 1511 నాటి పుస్తకాల చివర కాపీ కొట్టేవాళ్లకు బెదిరింపు కూడా ఉంటుంది. దాన్ని గొప్పలు చెప్పుకోవడం అనను, సరుకు పంపిణీ అంటాను. ఫ్రెంచి చిత్రకారుడు కూర్బే 1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శన పక్కనే సొంత మండపం కట్టి టిక్కెట్టు పెట్టాడు. జనం పెద్దగా రాలేదు. అంత హడావిడి చేసినా లాభం లేకపోయింది.

డప్పు ఎదురు తిరగడమూ ఉంది. రవివర్మ 1894లో బొంబాయిలో లిథో ప్రెస్ (రాతి పలకల మీంచి బొమ్మలు అచ్చేసేది) పెట్టాడు. ఆ ప్రింట్లతో ఆయన దేవతలు ఇల్లిల్లూ చేరారు. ప్రెస్ మాత్రం నష్టాల్లో పడి చివరికి అక్కడి జర్మన్ సాంకేతిక నిపుణుడి చేతికి పోయింది. ఆ పైన విమర్శకులు దశాబ్దాల పాటు ఆయనవి 'క్యాలెండర్ బొమ్మలు' అని చిన్నచూపు చూశారు. తైలవర్ణ చిత్రం ముఖం చూడకుండానే తీర్పులు!

పనిలో పని, వాన్ గో బతికుండగా ఒక్క బొమ్మే అమ్ముకున్నాడన్న పాట ఇక ఆపితే బాగుండు. 1890లో 400 ఫ్రాంకులకు పోయిన ఎర్ర ద్రాక్షతోట ఒక్కటే అందరికీ గుర్తు. మరదలు యొహానా 1891లో భర్త తియో పోయాక ఆ బొమ్మలను ఎలా నడిపిందో ఎవరికీ పట్టదు. మంచివాటిని అమ్మకానికి కాదని రాసి ప్రదర్శనలకు పంపేది, వాటి పక్కన అమ్మేవి కొన్ని పెట్టేది. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మ్యూజియం గదులు అద్దెకు తీసుకుని 400కి పైగా పెట్టింది. 1914లో ఉత్తరాలు అచ్చేయించింది. అన్నీ ఒకేసారి అమ్మేసి ఉంటే ధర పడిపోయేది, కథ అక్కడితో ముగిసేది.

మీరు బొమ్మలు వేసేవాళ్లయితే రీల్స్ సంగతి తర్వాత. ప్రతి బొమ్మ వెనక పేరు, ఏడాది, కొలతలు (ఎత్తు ముందు, వెడల్పు తర్వాత), వాడిన రంగులు రాయండి. ఫ్రేము కట్టకముందే ఫొటో తీయండి. ఎవరికి, ఎప్పుడు, ఎంతకు ఇచ్చారో ఒక పుస్తకంలో ఎక్కించండి. ఇవి లేకపోతే రేపు మీ బొమ్మ ఏదో, దొంగబొమ్మ ఏదో తేల్చేవాడుండడు. ఆ అనుమానం ఒక్కసారి పుట్టిందా, మార్కెట్టు మీ బొమ్మలన్నిటినీ పక్కన పెడుతుంది. రంగులు కూడా చూసుకోండి. వాన్ గో పడకగది గోడలు మొదట ఊదారంగు. అందులోని ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది.

కాయ్‌బోట్ సొంత బొమ్మల మాటేమిటంటారా? డబ్బు అవసరం లేదు కాబట్టి అమ్మలేదు. అవి చాలావరకు కుటుంబం దగ్గరే ఉండిపోయాయి. డీలరు దగ్గర సరుకు లేకపోతే ధర పెంచాలన్న ఆత్రం ఎవరికుంటుంది? దాదాపు 70 ఏళ్లు ఆయన్ని దాతగానే తలిచారు. ఆయన వానలో పారిస్ వీధి చిత్రాన్ని షికాగో మ్యూజియం కొన్నది 1964లో. ఉత్తినే ఇస్తానంటే స్థలం లేదన్న ఫ్రాన్సు, 2023లో ఆయన పడవ షికారు బొమ్మ ఒక్కదాన్ని పారిస్‌లోని ఓర్సే మ్యూజియానికి తెచ్చుకోవడానికి ఒక పెద్ద కంపెనీ విరాళంతో 4 కోట్ల 30 లక్షల యూరోలు పెట్టింది.