టెక్ సందేహాలు: మన పాట, మన సినిమా, ఎవరి సెట్టింగు?

నాకు వచ్చే ఉత్తరాలలో సగం ఏ ఫోను కొనాలన్న ప్రశ్నతోనే మొదలవుతాయి. ఈసారి అలా జరగలేదు. వచ్చిన ప్రశ్నలన్నీ పాటల చుట్టూ, పాత సినిమాల చుట్టూ, సాయంత్రం పూట అరుగు మీద కాఫీ గ్లాసుతో కూర్చుని వినే రేడియో చుట్టూ తిరిగాయి. వాటిని వరుసగా చదువుతుంటే అన్నింటి అడుగునా ఒకే చికాకు కనిపించింది. ఇంట్లోని యంత్రం మన అభిరుచికి తగినట్టు కాక, దానిని తయారుచేసినవారు ముందే నిర్ణయించి పెట్టిన అభిరుచికి తగినట్టు నడుస్తోంది. ఇది ఈనాటి సంగతేమీ కాదు. గ్రామఫోను కాలంలో నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు ఒక వైపున మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా మాత్రమే పట్టేది కనుక, మహావిద్వాంసులు సైతం ఆలాపనను కుదించుకుని ప్లేటుకు సరిపెట్టవలసి వచ్చింది. వారికి లేని సదుపాయం మనకు ఒకటుంది, అది సెట్టింగ్స్ అనే అర. దానిని తెరిచి చూసేవారే తక్కువ.

విజయనగరం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని: మా టీవీలో యూట్యూబ్ తెరిస్తే ఇదివరకు మన ఊరి సుశీలమ్మ పాటలు, హరికథలు, వంటలు కనిపించేవి. వేసవి సెలవులకు మనవడు వచ్చి వెళ్ళాక ఎటు చూసినా ఏనుగు పాటలూ బొమ్మ లారీలే. వాడు వెళ్ళి రెండు నెలలైనా అవి వదలడం లేదు. నా పాటలు నాకు తిరిగి రావాలంటే ఏం చేయాలి?

టీచరు గారూ, మీ పాటలు ఎక్కడికీ పోలేదు. మీ ఖాతా మీ మనవడినే మీరనుకుంటోంది, అంతే. ఒక వీడియోను ఎంతమంది నొక్కారన్న లెక్క కన్నా, ఎంతసేపు చూశారన్న లెక్కకు యూట్యూబ్ 2012 నుంచి ఎక్కువ విలువ ఇస్తోంది. పిల్లవాడికి అన్నం తినిపించే వేళ ఒకే వీడియో పదిసార్లు తిరగడం, వాడు సోఫాలో నిద్రపోయాక కూడా ఒకదాని వెనక ఒకటి దానంతటదే ఆడుతూ ఉండడం, ఇవన్నీ ఇష్టం కిందే జమ అవుతాయి. మీరు ఒక కీర్తనను ఏడు నిమిషాలు కళ్ళు మూసుకుని విని, టీవీ కట్టేసి, మిగిలిన సాయంత్రమంతా దానినే కూనిరాగం తీస్తూ గడిపారనుకోండి, దాని లెక్కలో అది ఏడు నిమిషాలే.

ఫోనులో మీ గూగుల్ ఖాతాలోకి వెళ్ళి, యూట్యూబ్ హిస్టరీలో తేదీల వారీగా తొలగించే సదుపాయాన్ని వెతకండి. మనవడు మీ ఇంట్లో ఉన్న రోజుల నుంచి నిన్నటి వరకు ఎంచుకుని అంతవరకే తుడిచేయండి. హిస్టరీ మొత్తాన్ని తుడిస్తే మీ పాత ఇష్టాలు కూడా దానితో పాటే కొట్టుకుపోతాయి కనుక ఆ తొందర వద్దు. అప్పటికీ తెర మీదికి వచ్చే బొమ్మ లారీలకు ‘ఆసక్తి లేదు’ అని ఒకటి రెండుసార్లు చెబితే సరిపోతుంది. వచ్చే సెలవుల నాటికి వాడికి యూట్యూబ్ కిడ్స్ వేరుగా పెట్టి, ఆటోప్లే ఆపి ఉంచండి. సంగీతం యాప్‌లకూ ఇదే చిక్కు ఉంది. స్పాటిఫైలో అయితే పిల్లల చేతికి ఫోను ఇచ్చే ముందు ‘ప్రైవేట్ సెషన్’ పెట్టుకోవచ్చు.

నా మాట అడిగితే, యాప్ తెరవగానే కనిపించే ఆ మొదటి పేజీని నేను అసలు చూడను. నచ్చిన పాటలను నాలుగైదు ప్లేలిస్టులుగా పేర్చుకుని నేరుగా వాటిలోకే వెళతాను. పక్కింటివారు వడ్డించినది తినడం కంటే మన వంటింట్లో డబ్బాలు మనమే సర్దుకోవడం మేలు.

బొబ్బిలి నుంచి ఒక పాఠకుడు: మా నాన్నగారు వీణ వాయించేవారు. ఆయన ఇంట్లో సాధన చేస్తూ టేప్ రికార్డరులో చేసుకున్న క్యాసెట్లు నలభై దాకా ఇనప బీరువాలో ఉన్నాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించాలని ఉంది. దుకాణానికి ఇవ్వాలా, ఆన్‌లైన్‌లో చవకగా దొరికే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయరు కొని నేనే చేసుకోవాలా?

దుకాణం మాట ఎత్తారు కనుక ముందు నా అనుభవం వినండి. మా ఇంట్లో ఒక హరికథ క్యాసెట్ ఉండేది. తీరిక లేక దానిని ఒక దుకాణంలో ఇచ్చాను. వారం తరవాత పెన్‌డ్రైవ్‌లో వచ్చిన కథ నిజంగానే శుభ్రంగా ఉంది, టేపు హోరు మచ్చుకైనా లేదు. కానీ వెనకనుంచి వినిపించవలసిన తంబుర కూడా లేదు. హోరును తొలగించే సాఫ్ట్‌వేరు, మార్పు లేకుండా ఒకే తీరున సాగే ధ్వనిని చెత్తగా లెక్కకట్టి ఊడ్చేస్తుంది. తంబుర పనే మార్పు లేకుండా సాగడం కదా. హరిదాసు గారు శ్రుతి ఆసరా లేక గాలిలో పాడుతున్నట్టు వినిపించారు. దుకాణం వారిని తప్పుపట్టడానికీ లేదు, ‘శుభ్రంగా చేసివ్వండి’ అని చెప్పినది నేనే.

కాబట్టి మీరే చేసుకోండి. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, ఇందులో అడ్డదారి లేదు. రోజుకు ఒకటి చొప్పున నలభై సాయంత్రాలు నాన్నగారి వీణ వింటూ గడుస్తాయి. అదొక శ్రమ అని మీరూ అనరనుకుంటాను.

ముందుగా ప్రతి క్యాసెట్‌నూ వెలుతురుకు ఎత్తి, నడుమనున్న చిన్న కిటికీలోంచి టేపు చుట్టను చూడండి. చుట్ట అంచున తెల్లని పొడి మచ్చలుంటే అది బూజు, తేమ గాలికి బీరువాలోపల కూడా పడుతుంది. అలాంటి దానిని ప్లేయరులో పెడితే టేపును చదివే హెడ్‌కు అంటుకుని మిగిలిన క్యాసెట్లకూ పాకుతుంది కనుక దానిని విడిగా ఉంచండి. తరవాత క్యాసెట్‌ను తిప్పి, టేపు బయటికి కనిపించే అంచున చూడండి. అక్కడ టేపు వెనక ఒక సన్నని రేకు, దాని మీద మినపగింజంత మెత్తని గుడ్డముక్క అతికించి ఉంటుంది. టేపును హెడ్‌కు ఒత్తి పట్టేది అదే. ఏళ్ళు గడిచి జిగురు ఎండితే అది ఊడిపోతుంది, అప్పుడు ధ్వని మందగించి, ఒకచోట పైకీ ఒకచోట కిందికీ పోతుంది. టేపే పాడైపోయిందనుకుని చాలామంది ఆ దశలో పారేస్తారు. పారేయవద్దు. పనికిరాని మరో క్యాసెట్ మరలు విప్పి, అందులోని రేకును తీసి దీనిలో అమర్చితే చాలు. పై అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ పలుకులనూ విరిచేయండి. చేయి జారి రికార్డు చేసే ఎర్ర బొత్తం నొక్కినా నాన్నగారి వీణ మీద మరో ధ్వని పడకుండా అదొక కాపలా. ఆరు పలకల పెన్సిలును పళ్ళ చక్రంలో దూర్చి నాలుగు చుట్లు తిప్పి, టేపు బిగుసుకోలేదని తేలాక, చివరిదాకా ఒకసారి ముందుకూ వెనక్కూ చుట్టించండి.

చవక యూఎస్‌బీ ప్లేయరు మాత్రం వద్దు. క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నిలకడగా కదలాలి. చవక మోటారు ఆ నిలకడ పాటించదు. సినిమా పాటలో ఆ తేడా మనకు అంతగా తెలియకపోవచ్చు కానీ, వీణ మీటిన తరవాత సాగే నాదంలో అది వణుకుగా బయటపడుతుంది. నాన్నగారు వేసిన గమకమేదో మోటారు వేసిన గమకమేదో పోల్చుకోలేరు. బంధువుల ఇళ్ళలో అటకల మీద మంచి టూ-ఇన్-వన్‌లు ఇంకా ఉన్నాయి. ఒకటి అడిగి తెచ్చుకుని, సాగిపోయిన రబ్బరు బెల్టు మార్పించి, హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో తుడవండి. దానిలో హోరు తగ్గించే డాల్బీ బొత్తం ఉంటే ఆపి ఉంచండి. ఆ పద్ధతిలో రికార్డు చేయని టేపుకు దానిని వాడితే తంత్రుల మెరుపు పోతుంది.

దాని హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగను నేరుగా లాప్‌టాప్‌కు కలపకండి, అక్కడ ఉన్నది ఎక్కువగా మైకు కోసం ఉద్దేశించిన దారి. ‘లైన్ ఇన్’ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు కొని దాని ద్వారా కలపండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో 44,100 హెర్ట్జ్, 16 బిట్ అమరికతో, అంటే సీడీ నాణ్యతతో రికార్డు చేయండి. గట్టిగా మీటిన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటే చాలు. ఇలా నిమిషానికి దాదాపు 10 ఎంబీ, గంట క్యాసెట్‌కు 600 ఎంబీ, అలాంటి నలభై క్యాసెట్లకు 24 జీబీ అవుతుంది. ఫ్లాక్ (FLAC) అనే ఫైలు రూపంలో దాచితే ధ్వనిలో రవ్వంత కూడా పోకుండా స్థలం సుమారు సగానికి తగ్గుతుంది. ఎంపీ3 బంధువులకు వాట్సాప్‌లో పంపడానికి పనికొస్తుంది, దాచుకోవడానికి కాదు. హోరు తగ్గించాలనిపిస్తే ఒక నకలు తీసుకుని దాని మీద, అదీ కొద్ది మోతాదులో ప్రయత్నించండి. మూలాన్ని ముట్టుకోవద్దు. అట్ట మీద నాన్నగారి చేతిరాతలో ఉన్న రాగం పేరు, తేదీలను ఫొటో తీసి అదే ఫోల్డరులో ఉంచడం మరవకండి.

శ్రీకాకుళం నుంచి ఒక పాఠకురాలు: కొత్తగా కొన్న పెద్ద టీవీలో సినిమా చూస్తుంటే టీవీ సీరియల్ చూస్తున్నట్టు ఉంటోంది. పాత నలుపు తెలుపు సినిమాలలో అయితే నాయకుడు లావుగా, పొట్టిగా కనిపిస్తున్నాడు. టీవీలో లోపమా?

లోపం కాదమ్మా, అతి తెలివి. సినిమాను సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. మీ టీవీ సెకనుకు 60 బొమ్మలు చూపగలదు కనుక, రెండు బొమ్మల నడుమ లేని బొమ్మలను తానే ఊహించి చేర్చి కదలికను నునుపు చేస్తోంది. క్రికెట్‌కు అది బాగానే ఉంటుంది, సినిమాకు మాత్రం సెట్‌లో నిలబడి షూటింగు చూస్తున్నట్టుంటుంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో ఇది ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో పిక్చర్ క్లారిటీ అనే పేర్లతో ఉంటుంది. ఆపేయండి. 2019లో ప్రకటించిన ‘ఫిల్మ్‌మేకర్ మోడ్’ మీ టీవీలో ఉంటే అదొక్కటి ఎంచుకుంటే ఇవన్నీ ఒక్కసారే ఆగుతాయి. మొదటి రోజు రంగులు వెలిసినట్టు అనిపిస్తాయి. దుకాణంలో కళ్ళు చెదిరేలా పెట్టిన ‘వివిడ్’ వెలుగుకు కన్ను అలవాటు పడడమే దానికి కారణం. ఒక వారం ఓపిక పట్టండి.

ఇక నాయకుడి ఒళ్ళు సంగతి. ఆ కాలపు సినిమాల చట్రం వెడల్పు ఎత్తుతో పోలిస్తే సుమారు 4కు 3, నేటి టీవీది 16కు 9. తెరంతా నింపాలని సాగదీస్తే ప్రతి మనిషీ అడ్డంగా మూడో వంతు పెరుగుతాడు. రిమోట్‌లో పిక్చర్ సైజును ‘ఒరిజినల్’ లేదా 4:3 చేయండి. రెండు పక్కలా నల్లని పట్టీలు వస్తాయి, రావాలి కూడా. వాటిని చూసి ‘డబ్బు పెట్టి కొన్న తెర వృథా అవుతోంది’ అనే పెద్దలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వారికి నచ్చజెప్పే సెట్టింగు ఇంకా రాలేదు.

నరసన్నపేట నుంచి ఒక పాఠకుడు: నాకు ఎడమ చెవి వినిపించదు. ఇయర్‌ఫోన్లలో కొన్ని పాటల్లో వాయిద్యాలు, ఒక్కోసారి గాయని గొంతే పల్చబడిపోతోంది.

స్టీరియో పాటలో కొన్ని ధ్వనులను ఒక చెవికే పంపుతారు, మీకు అవి చేరడం లేదు. ఫోను సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ విభాగంలో ‘మోనో ఆడియో’ ఆన్ చేస్తే రెండు వైపుల ధ్వనీ కలిసి రెండు చెవులకూ ఒకేలా వెళుతుంది, మీ కుడి చెవికి ఏదీ తప్పిపోదు. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోనులోనూ ఇది ఉంది. ఘంటసాల గారి తొలినాళ్ళ పాటలకు ఆ అవసరం కూడా లేదు, అవి పుట్టడమే మోనోగా పుట్టాయి.

రాజాం దగ్గరి పల్లె నుంచి ఒక విద్యార్థి: మా ఊరి తప్పెటగుళ్ళ బృందాన్ని ఫోనులో రికార్డు చేశాను. ఎదురుగా వింటే గుండె అదిరే దరువు, ఫోనులో డబ్బా మోతలా ఉంది. మంచి మైకు కొనాలా?

ఇప్పుడే కొనకు నాయనా. ఫోను మైకులు మాట కోసం సిద్ధం చేసినవి. గట్టి శబ్దం వస్తే వెంటనే మొత్తం ధ్వనిని తగ్గించడం, మాట కానిదానిని రొదగా భావించి అణచడం వాటికి నేర్పిన విద్యలు. ఇరవై మంది గుండెల మీద తప్పెటలు ఒక్కసారి మోగితే ఫోను బెదిరి తగ్గిస్తుంది, దరువుకూ దరువుకూ నడుమ మళ్ళీ పెంచుతుంది. ఆ ఎగుడుదిగుడులో కాళ్ళ గజ్జెల సవ్వడి కలిసిపోతుంది. వీడియో కెమెరాతో కాక, ధ్వని మోతాదును చేత్తో మార్చుకునే వీలున్న రికార్డరు యాప్‌తో ధ్వనిని విడిగా తీయి. నాయిస్ రిడక్షన్, ఆటో గెయిన్ అనే ఆ రెండు విద్యలూ ఆపి, వేవ్ (WAV) ఫైలు రూపంలో రికార్డు చేయి. వలయానికి ఆనుకుని నిలబడకుండా పది పదిహేను అడుగులు వెనక్కి జరిగి, ఫోను అడుగున ఉన్న మైకు రంధ్రాన్ని వేలు మూయకుండా బృందం వైపు తిప్పి ఉంచు. అసలు ఆట మొదలయ్యే ముందు, అందరికన్నా గట్టిగా వాయించే వారిని రెండు దరువులు వేయమని అడిగి, ఆ దెబ్బకు మీటరు ఎర్రబడనంత మోతాదు పెట్టుకో. ఇంత చేసినా బాగుండకపోతే మైకు గురించి మళ్ళీ రాయి.

చీపురుపల్లి నుంచి ఒక పెద్దాయన: మీడియం వేవ్‌లో రేడియో పెడితే సాయంత్రమయ్యేసరికి గరగర. పగలు బాగానే ఉంటుంది.

రేడియో పాతబడలేదండీ, ఇంట్లో దీపాలు కొత్తవయ్యాయి. చవక ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు వెలువరించే విద్యుత్ రొద మీడియం వేవ్ మీదే పడుతుంది. ఒక్కొక్కటే ఆర్పి చూస్తే దోషి దొరుకుతుంది. మా ఇంట్లో అది దేవుడి గదిలోని చిన్న బల్బు. రేడియోను బ్యాటరీల మీద నడిపి, కిటికీ దగ్గర పెట్టి, ఉన్నచోటనే నెమ్మదిగా తిప్పి చూడండి. లోపలి యాంటెన్నా కడ్డీ ఒక దిక్కున బాగా అందుకుంటుంది, మరో దిక్కున దాదాపు వినబడదు. అప్పటికీ కుదరకపోతే ఆకాశవాణి కేంద్రాలు, 1957లో మొదలైన వివిధ భారతితో సహా, న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో దొరుకుతాయి. అయితే ఇంటర్నెట్ మీద పాట కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. అరుగు మీద మీ రేడియో, లోపల అమ్మగారి ఫోను ఒకేసారి పెట్టకండి.