ఇష్టం అనే మాట దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చలినీటి వాగుల అడుగున, రాళ్ల సందుల్లో బతికే స్కల్పిన్ చేప తిండి గురించి రాయాలని నీకు తోచినందుకే ముందు సంతోషించాను. వేలెడంత చేప, రాతి రంగులో కలిసిపోతుంది. దాని మీద ఇంత శ్రద్ధ పెట్టేవాళ్లు అరుదు.

అయితే మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. "స్కల్పిన్‌కు మేఫ్లై పిల్లపురుగులంటే మహా ఇష్టం" అన్నావు. దాని కడుపులో దొరికిన పురుగుల్లో నూటికి 60 అవేనని కారణం చూపావు. ఆ రోజు వాగు అడుగున ఉన్న పురుగుల్లోనూ నూటికి 60 అవే అయితే? అది ఇష్టం కాదు, దొరికింది తినడం. అడుగున నూటికి 10 మాత్రమే ఉండి, కడుపులో 40 కనబడితే అప్పుడు ఆ మాటకు బలం వస్తుంది. సోవియట్ శాస్త్రవేత్త ఇవ్లెవ్ సూచిక చెప్పేది ఇదే. కడుపులోని వాటా నుంచి వాగులోని వాటా తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. ఈ 40, 10 లెక్కకు 0.6 వస్తుంది. సున్నా వస్తే ఎంపిక లేనట్టు.

ఆ 0.6 చూసి కూడా తొందరపడకు. ఈ చేపకు గాలితిత్తి లేదు, నీళ్లలో తేలుతూ వేటాడలేదు. పెద్ద రెక్కలు నేలకు ఆనించి, కదలకుండా కాచుకుని, పురుగు దగ్గరకు రాగానే ఒక్క ఉదుటున నోట కరుచుకుంటుంది. ఎక్కువగా చీకటి పడ్డాకే. ఒంటి పక్కనుండే పార్శ్వరేఖ నీటి కదలికను పసిగడుతుంది. చూపు లేకుండా చేసినా మచ్చల స్కల్పిన్ కదిలే ఎరను పట్టగలిగిందని ప్రయోగాల్లో తేలింది. ఇక రాత్రిపూట రాళ్ల పైకి పాకే పురుగు ముందు దొరకడంలో వింతేముంది? రాయికి కరుచుకుని కదలనిది బతికిపోతుంది. చేప ఎంచుకుందా, పురుగే కదిలి దొరికిపోయిందా? నీ వ్యాసానికి ప్రాణం ఈ ప్రశ్నే. దీనికి రెండు పేజీలు ఇచ్చినా ఎక్కువ కాదు.

కడుపు కూడా పూర్తి నిజం చెప్పదు. మెత్తటి వానపాము జాతి పురుగులు త్వరగా కరిగిపోతాయి. గట్టి తలపెంకులు, ఇసుకరేణువులతో క్యాడిస్ పురుగు కట్టుకున్న గూడు చాలాసేపు మిగులుతాయి. చలికి అరుగుదల మందగిస్తుంది కనుక, శీతకాలంలో కడుపులో కనబడింది నిన్నటి తిండే అనుకోవద్దు.

ట్రౌట్ చేప గుడ్ల దగ్గర స్కల్పిన్‌ను "దొంగ" అన్నావు. ఆ మాట తీసెయ్యి. స్కల్పిన్ గుడ్లు తింటుంది, నిజమే. కానీ ట్రౌట్ తన గుడ్లను గులకరాళ్ల కింద పూడుస్తుంది. పూడకుండా బయట మిగిలినవి, రాళ్ల మధ్య ఖాళీలు పెద్దవైతే లోపలున్నవి దీనికి అందుతాయి. నేరం మోపే ముందు ఆ గులకరాళ్ల సైజు ఎంతో రాయాలి కదా.

ఒక సంగతి నువ్వు వదిలేశావు. గుడ్లు పెట్టే కాలంలో మగ స్కల్పిన్ రాయి కింద వాటికి కాపలా ఉంటుంది, వేట బాగా తగ్గించేస్తుంది. కొన్నిసార్లు తాను కాస్తున్న గుడ్లలోనే కొన్నింటిని తినేస్తుంది. ఆ రాయి దగ్గర మొదలుపెట్టి వ్యాసం మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.