అప్పగింత గురించి రాసే ముందు

తిరుపతి

నాయనా,

విదేశంలో నేరం చేసి వచ్చిన సొంత పౌరుల్ని కొన్ని దేశాలు ఎందుకు అప్పగించవన్న నీ వ్యాసం చదివాను. ‘నేరస్తుణ్ని ఆ దేశం దాచిపెడుతోంది’ అన్న మొదటి వాక్యం తీసెయ్. అందులో ఆవేశమే ఉంది, విషయం లేదు.

పలమనేరు నుంచి మొదలుపెట్టు. దుబాయికి పోయిన మనవాడొకడు లేబర్ క్యాంపు గొడవలో ఒకణ్ని చంపి, విమానమెక్కి ఊరొచ్చేశాడనుకో. యూఏఈ అడిగినా మనం పంపం. రెండు దేశాలూ 1999లో చేసుకున్న ఒప్పందంలోనే ఉంది: సొంత పౌరుణ్ని అప్పగించరాదు, కానీ అతని మీద ఇక్కడే కేసు నడపాలి. నువ్వు రాసిన ‘ఆ కొన్ని దేశాల్లో’ మనమూ ఉన్నామని చదివేవాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

ఎందుకు పంపరు? పెళ్లిలో అప్పగింతలప్పుడు కన్నవాళ్లకుండే దిగులు ఇక్కడా ఉంది: తెలియని భాష, తెలియని కోర్టు, తనవాళ్లెవరూ రాలేని జైలు. కానీ దిగులు దగ్గరే ఆగిపోకు. ఫ్రాన్స్, జర్మనీ లాంటి చోట్ల పౌరుడు ఎక్కడ నేరం చేసినా సొంత దేశపు శిక్షాస్మృతి అతని వెంటే పోతుంది. ఇంట్లోనే విచారించగలిగినప్పుడు బయటికి పంపడమెందుకన్నది వాళ్ల వాదన. ఇంగ్లండు సంప్రదాయం వేరు. నేరం జరిగిన చోటే విచారణ, సాక్షి బోనెక్కి ఎదుటి లాయరు అడిగే క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలబడాలి. పంపకపోతే చాలా నేరాలకు విచారణే ఉండదు. అందుకే బ్రిటన్, అమెరికా తమవాళ్లను కూడా పంపుతాయి. మనది ఒప్పందాన్ని బట్టి మారే దారి. 1997 ఒప్పందం ప్రకారం అమెరికా అడిగితే ‘మా పౌరుడు’ అన్న కారణంతో కాదనలేం.

నీ వ్యాసంలో అసలు లేనిది దీని తర్వాతి కథ. ఇక్కడ విచారిస్తామన్నాక ఏమవుతుంది? విదేశంలో జరిగిన నేరానికి కేంద్రం అనుమతి కావాలి. ఇప్పుడది క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 208వ సెక్షన్. బోట్స్వానాలో జరిగిన వేధింపుల మీద మన రాష్ట్రంలో పెట్టిన కేసులో 2011లో సుప్రీంకోర్టు తేల్చింది: కోర్టు కేసును పరిగణనలోకి తీసుకునేదాకా అనుమతి అక్కర్లేదు, ఆపైన విచారణ సాగాలంటే కావాలి.

అనుమతి వచ్చినా పోస్టుమార్టం రిపోర్టు అరబ్బీలో ఉంటుంది. అనువదించాలి, ధ్రువీకరించాలి. కళ్లారా చూసినవాడు వీసా అయిపోయి ఏ నేపాల్‌కో వెళ్లిపోయి ఉంటాడు. అక్కడి న్యాయాధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని అదే సంహిత 209వ సెక్షన్ కింద ఇక్కడి కోర్టు తీసుకోవచ్చు. కానీ అనువాదంలో ‘తోశాడు’ కాస్తా ‘కొట్టాడు’ అయితే కేసు స్వరూపమే మారిపోతుంది. చనిపోయినవాడి తల్లికి ఈ ఆలస్యం ఎలా ఉంటుందో కూడా రాయి. ఆమె వైపు నుంచి ఒక్క వాక్యమైనా లేకుండా ఈ వ్యాసం అచ్చుకు పోకూడదు.

లండన్‌లో నడిచే మన బ్యాంకు మోసాల కేసులు ఇందులో కలపకు. అక్కడి జాప్యానికి పౌరసత్వ నియమం కారణం కాదు. ఎర్రచందనం కేసులో 2015లో మారిషస్ నుంచి తెచ్చిన నిందితుడి ఉదాహరణా వద్దు, అతను ఆ దేశపు పౌరుడు కాడు. ఇంటర్‌పోల్ ఇచ్చే రెడ్ నోటీసును అరెస్టు వారంటు అనకు. తేదీలు కూడా చూసుకో: ఫ్రాన్స్ నేరం జరిగిన నాటి పౌరసత్వాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. జర్మనీ 2000లో రాజ్యాంగం సవరించి, ఐరోపా సమాఖ్య దేశాలకూ అంతర్జాతీయ న్యాయస్థానాలకూ తనవాళ్లను అప్పగించే వీలు కల్పించింది.

ఒప్పందాల పూర్తి ప్రతులు విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి. పౌరుల గురించిన ఆర్టికల్ తెరిచి ‘అప్పగించరాదు’ అని ఉందా, ‘అప్పగించనక్కర్లేదు’ అని ఉందా చూడు. మొదటిది తలుపు మూసేస్తుంది, రెండోది తాళంచెవి ప్రభుత్వం చేతిలో పెడుతుంది. నీ ప్రతిలో ఈ రెండూ కలిసిపోయాయి. విడదీసి మళ్లీ పంపు.

ఆశీస్సులతో.