ఏ కోచ్ కొలువు ఊడుతుందో ముందే చెప్పొచ్చా?

మీరు రెండు విషయాలు అడిగారు. సీజన్ మొదట్లోనే ఏ ఫుట్‌బాల్ కోచ్‌ను తీసేస్తారో చెప్పగలమా? అందుకు పాయింట్ల పట్టిక చూస్తే చాలా? మొదటిది కొంతవరకు చెప్పొచ్చు. రెండోది, చాలదు. ఎవరు కష్టాల్లో ఉన్నారో పట్టిక చెబుతుంది. ఎవరిని ఇంటికి పంపాలన్నది ఓనర్ మనసులో ఉంటుంది. అందుకని కోచ్‌ను చూడటం కాస్త తగ్గించి ఓనర్‌ను చూడండి.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. శనివారం సాయంత్రం మ్యాచ్ వేళకు మేం కొందరం మిల్లు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో చేరతాం. ఆగస్టులో ఒక్కొక్కరం కాంటా చీటీ వెనక ఇంగ్లండ్ పెద్ద లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లోని ఐదుగురు కోచ్‌ల పేర్లు రాసి హోటల్ అన్నకు ఇస్తాం, ఆయన గల్లాపెట్టెలో పడేస్తాడు. సీజన్ అయ్యాక తీసి చూస్తాం. ఎక్కువ పేర్లు తగిలినవాడికి మిగతావాళ్లు బిర్యానీ పెట్టించాలి. ఇన్నేళ్లలో ఎక్కువసార్లు ఆ బిర్యానీ తిన్నది ఆట అణువణువూ తెలిసిన మా బావ కాదు, ధాన్యం కమీషన్ ఏజెంట్ ఒకాయన. మ్యాచ్ సగంలోనే లేచి వెళ్లిపోతాడు. ఏ క్లబ్‌ను ఎవరు కొన్నారు, ఎంత పెట్టారు అన్న వార్త మాత్రం ఒక్కటీ వదలడు.

మిల్లులో పనిచేసేవాళ్లకు ఈ లెక్క తొందరగా ఎక్కుతుంది. యాసంగి వడ్లకు ఎండ దెబ్బతో నూక ఎక్కువ పడుతుంది. దానికి మా సేటు ఆపరేటర్‌ను ఒక్క మాట అనడు. అదే నూక వానాకాలం వడ్లకు పడితే తనే మిషన్ దగ్గరికి వచ్చి దోసిట్లో బియ్యం పోసుకుని చూస్తాడు. ఇక ఆపరేటర్‌ను మార్చేద్దామని నిశ్చయించుకున్నాక అరుపులు కూడా ఉండవు. ఆఫీసు గదిలో మనకు తెలియని మనిషి ఒకడు కూర్చుని చాయ్ తాగుతూ కనిపిస్తాడు, అంతే.

ఫుట్‌బాల్లోనూ అదే. జట్టు ఎన్ని ఓడింది అనేదానికంటే, ఎన్ని ఓడుతుందని ఓనర్ ముందే అనుకున్నాడు అన్నది ముఖ్యం. కొత్తగా చూసేవాళ్లందరూ కింది లీగ్ నుంచి పైకొచ్చిన మూడు జట్ల కోచ్‌ల పేర్లు కళ్లు మూసుకుని రాసేస్తారు. 2023-24 చూడండి. పైకొచ్చిన బర్న్‌లీ, లూటన్, షెఫీల్డ్ యునైటెడ్ మూడూ మళ్లీ కిందికే పోయాయి. అయినా సీజన్ మధ్యలో కొలువు పోయింది షెఫీల్డ్ కోచ్ పాల్ హెకింగ్‌బాటమ్‌కు ఒక్కడికే. లూటన్ కోచ్ రాబ్ ఎడ్వర్డ్స్ చివరిదాకా ఉన్నాడు. బర్న్‌లీని 19వ స్థానంలో ముగించిన విన్సెంట్ కొంపెనీని అయితే ఏకంగా జర్మనీలో అతి పెద్ద క్లబ్ బయెర్న్ మ్యూనిక్ పిలిచి కోచ్‌ను చేసింది! ఆ ఏడు మా బావ చీటీలో మొదటి పేరు కొంపెనీదే. ఇప్పటికీ ఎవరైనా గుర్తు చేస్తే గ్లాసు పట్టుకుని బయటికి వెళ్లిపోతాడు.

నా మటుకు అన్నిటికంటే గట్టి సూచన, క్లబ్ చేతులు మారడం. కొత్త ఓనర్‌కు పాత కోచ్ అంటే వేరేవాళ్లు పెట్టిన మనిషి. న్యూకాజిల్‌ను సౌదీ ప్రభుత్వ పెట్టుబడి ఫండ్ కొన్నది 2021 అక్టోబర్ 7న. కోచ్ స్టీవ్ బ్రూస్ అక్టోబర్ 20న వెళ్లిపోయాడు. చెల్సీ 2022 మేలో కొత్త ఓనర్ల చేతికి వచ్చింది. అంతకు ముందటి ఏడాదే యూరప్ క్లబ్బుల అతి పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ గెలిపించిన థామస్ టుకెల్‌ను సెప్టెంబర్ 7న తీసేశారు.

ఇక సౌతాంప్టన్ కథ నాకు చాలా ఇష్టం. రాల్ఫ్ హాసెన్‌హ్యూట్ల్ జట్టు 2019 అక్టోబర్‌లో లెస్టర్ చేతిలో 9-0తో చిత్తుగా ఓడింది. 2021 ఫిబ్రవరిలో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో మళ్లీ 9-0. ఆ రెండో ఓటమి మర్నాడు హోటల్లో గ్లాసులు కడిగే పిల్లాడు "తొమ్మిది గోల్స్ తిన్నోడిని ఇంకా ఉంచుతారా అన్నా?" అని అడిగాడు. ఉంచారు. మొదటిసారీ ఉంచారు, రెండోసారీ ఉంచారు. ఆయన దగ్గర ఉన్న ఆటగాళ్లతో అంతకంటే ఎక్కువ ఆశించడం దండగని బోర్డుకు తెలుసు. 2022 జనవరిలో క్లబ్‌కు కొత్త ఓనర్లు వచ్చారు, నవంబర్‌లో ఆయన్ను పంపేశారు. అప్పుడు ఓడింది న్యూకాజిల్ చేతిలో 4-1 తేడాతోనే. దీని పక్కన బోర్న్‌మత్‌ను పెట్టి చూడండి. 2022 ఆగస్టులో లివర్‌పూల్ చేతిలో అదే 9-0. స్కాట్ పార్కర్‌ను మూడు రోజుల్లో తీసేశారు. ఈ జట్టుకు సరిపడా ఆటగాళ్లు లేరని ఆయన బయటికి అనేశాడు. తొమ్మిది గోల్స్‌ను ఓనర్లు మింగుతారేమో గానీ, నలుగురిలో ఇజ్జత్ తీసే మాటను మింగరు.

మాట ప్రమాదం అన్నాను కదా, దానికి మరో ఉదాహరణ నాటింగమ్ ఫారెస్ట్. నూనో ఎస్పిరిటో శాంటో ఆ జట్టును 2024-25లో 7వ స్థానానికి తెచ్చాడు. ఓనర్ మరినాకిస్‌తో సంబంధం మునుపటిలా లేదని ప్రెస్ ముందు చెప్పాడు. 2025 సెప్టెంబర్‌లో కొలువు పోయింది. పట్టిక చూసేవాళ్లెవరూ ఆ పేరు రాసి ఉండరు. ఆయన స్థానంలో వచ్చిన ఆంజె పోస్టెకోగ్లూ అప్పటికే ఒక దెబ్బ తినివున్నాడు. టాటెన్‌హామ్‌కు యూరప్‌లో రెండో పెద్ద కప్పు యూరోపా లీగ్ గెలిపించాక 16 రోజులకే, లీగ్‌లో 17వ స్థానం తెచ్చాడని తీసేశారు. ఫారెస్ట్‌లో ఎనిమిది మ్యాచ్‌లు, ఒక్క గెలుపూ లేదు. అక్టోబర్ 18న చెల్సీతో మ్యాచ్ నడుస్తుండగానే మరినాకిస్ సీటు ఖాళీగా ఉండటం టీవీలో కనిపించింది. మా కమీషన్ ఏజెంట్ "ఇక అయిపోయింది, నా చాయ్ చెప్పండి" అన్నాడు. చివరి విజిల్ పడి అరగంట కాకముందే ప్రకటన వచ్చింది. మొత్తం 39 రోజుల కొలువు.

ఎవరు అన్నది తేలాక ఎప్పుడు అన్నది తేలిక. సెప్టెంబర్ నుంచి నవంబర్ మధ్యలోనూ, మార్చిలోనూ దేశాల మ్యాచ్‌ల కోసం లీగ్ రెండు వారాలో, ఇంకాస్త ఎక్కువో ఆగుతుంది. కొత్త కోచ్‌కు సర్దుకునే టైమ్ దొరికేది అప్పుడే కాబట్టి కత్తి ఎక్కువగా ఆ బ్రేక్‌లోనో, దానికి కాస్త అటూ ఇటూగానో పడుతుంది. నూనో వెళ్లింది బ్రేక్‌లోనే. హాసెన్‌హ్యూట్ల్‌ను తీసింది 2022 ప్రపంచకప్ విరామానికి వారం ముందు. దీనికి తోడు మంచి పేరున్న కోచ్ ఒకడు ఖాళీగా ఉన్నాడా అన్నదీ చూడాలి. 2023 మార్చిలో బయెర్న్ జర్మన్ లీగ్‌లో డార్ట్‌మండ్‌కంటే ఒక్క పాయింటే వెనకుంది, ఛాంపియన్స్ లీగ్‌లో పారిస్ క్లబ్ పీఎస్‌జీని ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. అయినా బ్రేక్ రాగానే జూలియన్ నాగెల్స్‌మన్‌ను తీసేసింది. ఎందుకంటే చెల్సీ వదిలేసిన టుకెల్ ఖాళీగా ఉన్నాడు. వేరేవాళ్లు పట్టుకుపోతారని భయం.

నిరుడు గెలిచాడు కదా, ఈ ఏడు ఏం చేస్తారులే అనుకునేవాళ్లకు ఒక్క క్లాడియో రనియెరీ చాలు. 2015 డిసెంబర్‌లో ఆయన లెస్టర్ జట్టు చేతిలో ఓడిన మూడు రోజులకు చెల్సీ తన కోచ్ జోసే మొరీన్యోను పంపేసింది. మొరీన్యో అంతకు ఏడు నెలల ముందు లీగ్ గెలిచినవాడు. ఆ సీజన్ లీగ్ రనియెరీ గెలిచాడు. 2017 ఫిబ్రవరి 7న లెస్టర్ ఓనర్లు మా కోచ్‌కు పూర్తి మద్దతు అని ప్రకటన ఇచ్చారు. ఫిబ్రవరి 23న తీసేశారు. అప్పటికి జట్టు 17వ స్థానంలో, కింది లీగ్‌కు పడిపోయే గీతకు ఒక్క పాయింట్ పైన ఉంది. ప్రీమియర్ లీగ్‌లో అట్టడుగున నిలిచిన జట్టుకు కూడా టీవీ డబ్బు ఏడాదికి 100 మిలియన్ పౌండ్లదాకా వస్తుంది. ఆ డబ్బు కళ్ల ముందు జారిపోతుంటే నిరుటి కప్పు ఎవరికి గుర్తుంటుంది? అన్నట్టు, "పూర్తి మద్దతు" అన్న ప్రకటన వస్తే మా దగ్గర ఆ కోచ్ పేరుకు అప్పుడే టిక్ కొట్టేస్తారు. బాగా నడుస్తున్న కోచ్‌కు అలాంటి ప్రకటనతో పనేముంది?

ఓపిక పట్టిన క్లబ్బులూ లేకపోలేదు. 2014-15లో డార్ట్‌మండ్ ఫిబ్రవరిలో కూడా అట్టడుగున ఉంది. యూర్గెన్ క్లాప్‌ను తీయలేదు, జట్టు 7వ స్థానానికి లేచింది, ఆయనంతట ఆయనే సీజన్ చివర తప్పుకున్నాడు. తీసేస్తే జట్టు బాగుపడుతుందా అనేది వేరే చర్చ. డచ్ లీగ్ లెక్కలు తీసిన ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ మాత్రం, కోచ్‌ను మార్చని జట్లూ అదే తీరులో కోలుకున్నాయని తేల్చాడు. ఓనర్లకు ఇవన్నీ చెప్పినా వినరు, అది మనకు మంచిదే. వింటే చీటీల ఆట ఉండదు.

మన ఐఎస్‌ఎల్‌కు (ఇండియన్ సూపర్ లీగ్) ఈ సూత్రాలు పూర్తిగా పనిచేయవు. చాలా ఏళ్లు అక్కడ కింది లీగ్‌కు పడిపోయే భయమే లేదు కాబట్టి డబ్బు టెన్షన్ తక్కువ. అభిమానుల కోపం, పరువు ఎక్కువ లెక్కకొస్తాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ మొదటి సీజన్లోనే ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఫిల్ బ్రౌన్‌ను 2020 జనవరిలో పంపేసింది. ఆ ఏడు చివరి స్థానం. తర్వాత వచ్చిన మనోలో మార్కెజ్ 2021-22లో కప్పు తెచ్చాడు. మధ్యలో 2021 ఫిబ్రవరి 16న మన జట్టు కేరళ బ్లాస్టర్స్‌ను 4-0తో కొట్టింది. మర్నాడే వాళ్ల కోచ్ కీబూ వికూన్యా ఔట్. మరో జట్టు కోచ్ కొలువు తీసిన ఘనత కూడా మనకుంది!

చివరగా, దీని మీద డబ్బు పెట్టొచ్చా అని కూడా అడుగుతారేమో. తెలంగాణలో ఆన్‌లైన్ పందేలను 2017లోనే చట్టం చేసి నిషేధించారు. బిర్యానీ దాటి పోకండి. ఇంగ్లండ్‌లో బెట్టింగ్ కంపెనీలు ఏ కోచ్ ముందు పోతాడని రేట్లు ప్రకటిస్తాయి. వాటిని ఊరికే చూసుకోవచ్చు. కానీ ఒక పేరు మీద రేటు ఒక్కసారిగా పడిపోయేసరికి (అంటే ఆ కోచ్ పోవడం దాదాపు ఖాయమని కంపెనీలు అనుకునేసరికి), ఇలాంటి ఫుట్‌బాల్ వార్తలు ముందే పట్టే జర్నలిస్టు ఫాబ్రిజియో రొమానో అప్పటికే ట్వీట్ పెట్టేసి ఉంటాడు.